ఆరా

ఇక్కడ లిఫ్టుకి నాణెం వెయ్యాలి.
పైకెళ్ళడానికే. దిగడానికి ఊరికే.
ఆ సంగతి తెలియక మొదటి రాత్రి
పద్నాలుగు కిలోల సంచీ వీపున మోసుకుని
ఆరంతస్తులూ ఎక్కాను.
నాలుగో అంతస్తులో ఎవరి వంటింట్లోంచో
వెల్లుల్లి వేగుతున్న వాసన.
కాసేపు ఆ తలుపు ముందే కూర్చున్నాను,
ఆయాసం తీర్చుకుంటున్నదానిలా.

తిబిలిసి. పేరు పలకడం
విమానంలోనే నేర్చుకున్నాను.
చదవడం మాత్రం రాలేదు.
దుకాణాల మీద అక్షరాలన్నీ గుండ్రంగా,
మన ఓనమాలకి పినతల్లి పిల్లల్లా.
ఒకటి అచ్చం తలకట్టు రాలిపోయిన 'ర'.
ఇంకొకటి, నిద్రలో పక్కకి తిరిగిన 'ల'.
దగ్గరికెళ్తే మొహం తిప్పుకుంటాయి.
ఇరవై మూడేళ్ళొచ్చాక
మళ్ళీ చదువురానిదాన్నయ్యాను.
మందుల షాపనుకుని పూలకొట్లోకి వెళ్ళి
తలనొప్పి అని కణతలు చూపిస్తే
ఆవిడ, పాపం, చామంతులిచ్చింది.

రెండో రోజు వాన.
గదిలో ఎనిమిది మంచాలు.
నా పైమంచం మీది కజఖ్ అమ్మాయి
పగలంతా పడుకుంటుంది,
రాత్రిళ్ళు గోళ్ళు కత్తిరించుకుంటుంది.
ఎవరితోనూ మాట్లాడలేదు.
సాయంత్రం, చెవికి పచ్చ బిళ్ళ ఉన్న కుక్క ఒకటి
వంతెన దాకా వెంట వస్తే
"ఏమే, నీకూ పనేం లేదా?" అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది,
రెండు రోజులుగా నీళ్ళు రాని కుళాయి
గురగురమని దగ్గినట్టు.

దారి ఆరా తీద్దామని ఇద్దర్ని ఆపాను.
ఇద్దరూ "ఆరా" అన్నారు.
ఆహా, అర్థమైంది కాబోలనుకున్నాను.
ఇక్కడ ఆరా అంటే లేదు. కాదు. వద్దు.
ఎంత ఆరా తీస్తే అంత ఆరా.

రొట్టెల కొట్టు జుంబెర్ మాత్రం ఏమీ అనడు.
మట్టి పొయ్యి గుండంలోకి
నడుం దాకా తలకిందులుగా వంగి,
పిండిని గోడకి చరిచి,
ఎర్రబడ్డ మొహంతో పైకి లేస్తాడు.
వేలు చూపిస్తే ఒక రొట్టె. పడవలా ఉంటుంది.
హాస్టల్ చేరేలోపు
ముక్కు తుంచి, తోక తుంచి,
నడిమి చెక్కొక్కటే మిగులుస్తాను.

మూడో రోజు నాణెం వేశాను.
తలుపు మూసుకునేలోపు ఒక ముసలావిడ
ముందు సంచీని తోసి, తర్వాత తను దూరింది.
నాలుగుకీ ఐదుకీ మధ్య
లిఫ్టు ఒక్కసారి నిట్టూర్చి, ఆగి,
దీపం ఆర్పేసుకుంది.

చీకట్లో నా చెయ్యి వెతికి పట్టుకుని
తన గుండెకి ఆనించుకుని
"నజిబ్రోల" అంది.
అది పేరని తెలియడానికి కొంత పట్టింది.
"వకుళ" అన్నాను.
వాకులా, వాకులా అని నమిలి,
సరే, ఇదీ ఒక పేరే అనుకుంది.
తర్వాత మొదలు. "మామా? మామా?"

ఓహో, మామయ్యల గురించా.
మూడు వేళ్ళు తీసుకెళ్ళి
ఆవిడ అరచేతిలో పెట్టాను.
ఆవిడ ఊపిరి ఆగింది.
నా చెంప తడిమింది.
ఎవరికో దణ్ణం కూడా పెట్టుకున్నట్టుంది.

వీళ్ళకి మామా అంటే నాన్నట.
ఆ రాత్రి హాస్టల్ కుర్రాడు చెబితే
మెట్ల మీద కూలబడి నవ్వాను.
ముగ్గురు నాన్నల పిల్ల కోసం
ఐదో అంతస్తులో ఈపాటికి
ఒక కొవ్వొత్తి వెలిగే ఉంటుంది.

లిఫ్టు కదిలాక సంచీలోంచి ఒక పండు తీసిచ్చింది.
పసుపుపచ్చగా, ఒంటినిండా నూగుతో
జామపండుకి మొరటు అక్కయ్యలా ఉంది.
కిటికీలో పెడితే
ఎనిమిది మంచాలకీ వాసన పాకింది.
కజఖ్ అమ్మాయి కూడా లేచి కూర్చుంది.
దాన్ని ఉడకబెట్టాలట, పంచదార పొయ్యాలట,
గంటలకి గంటలు కాచుకోవాలట.
ముందు నాకెవరు చెప్పారు?
పచ్చిదే కొరికాను.

వగరు.
బుగ్గలు లోపలికి లాక్కుపోయి,
నాలుక కాసేపు
ఏ భాషకీ పనికిరాకుండా పడి ఉంది.